ఫొటోలో లేని చెయ్యి

ఫిబ్రవరి 4, 2019

నా చేతిరాత బాగుండదు, అక్షరాల్లో తప్పులుంటాయి, క్షమించాలి. మా కొండ మీది బడిలో నాలుగో తరగతి వరకే ఉండేది. కాఫీ కోతల వల్ల నేను అది కూడా పూర్తి చెయ్యలేదు. ఏం రాసినా ముందు ఇలా చెప్పుకోవాలని మా పంతులమ్మ నేర్పింది. డైరీకి కూడా చెప్పాలో వద్దో ఆమె చెప్పలేదు. ఇది ఎవరూ చదవరు. అయినా చెప్పి మొదలుపెడితే చెయ్యి కాస్త కుదురుకుంటుంది.

ఈ పుస్తకం నేను కోచ్‌గా ఉన్నప్పుడు ప్రాక్టీసుకు ఎవరొచ్చారో, ఎవరు రాలేదో రాసుకోడానికి కొన్నది. వెనక సగం ఖాళీగా ఉంది.

ఈ పొద్దున మేయరమ్మ ఇవెలీస్ వచ్చింది. తుపానుకు కప్పు ఎగిరిపోయిన బాస్కెట్‌బాల్ కోర్టు మళ్ళీ కట్టడం అయిపోవచ్చిందట. ఏప్రిల్ 28న తెరుస్తారట. దానికి నా పేరు పెడతారట. గోడ మీద 1967 ఆఖరి ఆట నాటి నా బాస్కెట్ బొమ్మ గీయిస్తారట.

"అంతెందుకమ్మా," అన్నాను.

"ఎందుకేంటి? మోంతె సెనీసా అని ఒక ఊరుందని ఈ దీవిలో నలుగురికి తెలిసిందంటే మీ వల్లే కదా," అంది. మా అమ్మాయి నెరేయిదా వైపు తిరిగి, "చూశావా, ఎప్పుడూ ఇంతే. ఇంత పెద్దమనిషి, నోట్లో నాలుకే లేదు," అంది.

నేను ఒప్పుకుంటున్నట్టు ఒక కాగితం మీద సంతకం కావాలట. కాగితం బల్ల మీద పెట్టి, కాఫీ తాగి వెళ్ళింది.

ఫిబ్రవరి 5

సంతకం పెట్టలేదు. పెన్ను కనబడటం లేదని నెరేయిదాతో చెప్పాను.

ఫిబ్రవరి 8

కోర్టు చూడ్డానికి వెళ్ళాను. కొత్త చెక్క నేల, ఇంకా వార్నిషు వాసన పోలేదు. గోడకు నిచ్చెన వేసుకుని ఒక అమ్మాయి గీతలు గీస్తోంది. పేరు సులేయ్‌కా. జుట్టుకు ఆకుపచ్చ రంగు వేసుకుంది.

ఆ ఆటకు ఒక్కటే ఫొటో ఉంది. ఇంక ఏ బొమ్మా లేదు. రింగు అంచు మీద బంతి, దాని కోసం పైకి లేచిన నాలుగు చేతులు. మొహాలు లేవు, ఫొటో అక్కడికే తెగిపోయింది.

"తాతా, వీటిలో మీ చెయ్యి ఏది? దాన్ని బంగారు రంగులో వేద్దామని," అంది.

బంతికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న చెయ్యి చూపించాను.

"అబ్బ, ఎంతెంత వేళ్ళు. ఇప్పుడేంటి తాతా, ఇలా కురచైపోయాయి? ఉతికితే కుంచించుకుపోయాయా?" అని నవ్వింది.

చేతులు జేబుల్లో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 9

ఊరు చెప్పుకునేది రాస్తాను. ఇక్కడ చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చు.

1967, లీగు ఆఖరి ఆట, రాజధాని జట్టు మీద. మా జట్టు పేరు కార్బొనేరోస్, అంటే బొగ్గులు కాల్చేవాళ్ళు. మా తాతల పని అది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, ఐదు సెకన్లు మిగిలాయి. యాయో మాతోస్ బంతి వేశాడు. తప్పింది. తప్పిన తన బంతి వెనక తనే పరిగెత్తి, ఎగిరి, గాలిలోనే తట్టి లోపల వేశాడు. కార్బొనేరోస్ మొదటిసారి గెలిచారు. యాయో అంటే నేను.

ఆ బాస్కెట్ వల్లే మరుసటి ఏడు కోచ్‌ని అయ్యాను. పందొమ్మిదేళ్ళు చేశాను. ఇంకో రెండుసార్లు గెలిచాం. నేను ఎక్కువ మాట్లాడే కోచ్‌ని కాను. నేర్పిందల్లా ఒకటే. "వేసి నిలబడొద్దు. నీ బంతి తప్పితే దాని వెనక నువ్వే వెళ్ళు." మిగతా ఊళ్ళ కోచ్‌లు కూడా దాన్ని యాయో పాఠం అనేవాళ్ళు. ఎవడైనా వేసి నిలబడ్డాడంటే ఈల ఊది, కోర్టు చుట్టూ ఇరవైసార్లు పరిగెత్తించేవాణ్ణి.

ఇంతవరకు ఊరు చెప్పుకునేది.

ఫిబ్రవరి 10

చర్చికి వెళ్ళాను. వాన.

ఫిబ్రవరి 12

నేను వేసి నిలబడ్డాను.

బంతి వేళ్ళు వదలగానే తెలిసిపోయింది, కుడికి పోతోందని. నా కాళ్ళు కదల్లేదు. ఎవరిదో ఆట చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయాను. దాని వెనక వెళ్ళింది యేయో.

యేయో అసలు పేరు అవురేలియో మాతోస్. నా అసలు పేరు ఎలాదియో మాతోస్. చుట్టాలం కాము, మాతోస్‌లు ఏ ఊళ్ళో చూసినా ఉంటారు. మమ్మల్ని అసలు పేర్లతో పిలిచినవాళ్ళు లేరు. ఇక్కడ ముద్దుపేరే పేరు, సమాధి రాయి మీద కూడా అదే రాస్తారు. నేను యాయో, వాడు యేయో. నేను ఈ కొండలో పుట్టినవాణ్ణి. వాడు దక్షిణాన సముద్రపు ఒడ్డు నుంచి ఆ ఏడే జట్టులో చేరాడు. నల్లవాడు. నాకంటే జానెడు పొడుగు. ఊళ్ళో వాడికి ఇంకా ఎవరూ పెద్దగా తెలియదు.

ఆట రాజధానిలో జరిగింది. మా ఊరు ఊరంతా చౌకులో ఒక్క రేడియో చుట్టూ నిలబడి విన్నది. కొండ మీద ఆ సాయంత్రం వాన, రేడియోలో గరగర. చెప్పేవాడు గొంతు పోయేలా "యేయో మాతోస్, యేయో మాతోస్" అన్నాడు. ఊరు యాయో అని విన్నది. తమవాడి పేరే విన్నారు. మర్నాడు పేపర్లో "ఆఖరి క్షణంలో మాతోస్ బాస్కెట్" అని వేశారు. ఏ మాతోసో వెయ్యలేదు.

కిందికి దిగేటప్పుడు యేయో చేతి మీద పడ్డాడు. మణికట్టు విరిగింది. వాణ్ణి అక్కడే ఆసుపత్రిలో ఉంచి మేం బస్సులో వచ్చాం. బస్సు చౌకులో ఆగీ ఆగకముందే జనం "యాయో, యాయో" అంటూ కిటికీలు బాదారు. నన్ను దిగనివ్వలేదు, భుజాల మీదికి లాక్కున్నారు. మావాళ్ళు ముందు నవ్వారు, ఇదేదో తమాషా అని. మా జట్టువాడు మోంచో నా చెవిలో, "ఈ పూటకి ఊరుకోరా, పాపం వాళ్ళ సంబరం చూడు. రేపు చెబుదువు," అన్నాడు. జనంలో మా అమ్మ ఉంది. చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

మర్నాడు చెప్పలేదు.

మూడో రోజు యేయో చేతికి కట్టుతో వచ్చాడు. అప్పటికే నా పేరు మీద పాట కట్టారు. చౌకులో నిలబడి వాడు ఆ పాట మొత్తం విన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను వంగి బూటు తాడు కట్టుకుంటున్నాను. అది కట్టే ఉంది.

ఫిబ్రవరి 13

మరుసటి ఏడు జట్టు జాబితాలో యేయో లేడు. మణికట్టు మానలేదు.

ఫిబ్రవరి 17

ఆదివారం. అంగడి అరుగు మీద మోంచోతో డామినోలు. ఆ జట్టులో ఈ ఊళ్ళో మిగిలింది మేమిద్దరమే.

"ఏరా, గోడెక్కుతున్నావటగా," అన్నాడు మోంచో, ముక్కను బల్ల మీద టపీమని కొట్టి.

"ఊఁ."

"బంగారు చెయ్యట. ఆ పచ్చజుట్టు పిల్ల చెప్పింది. ఎవడిదిరా ఆ చెయ్యి?"

పక్క బల్లవాళ్ళు వింటారని కళ్ళతో సైగ చేశాను.

"విననీ. నేనేం చెప్పినా ఈ ఊళ్ళో నమ్మేవాడెవడు? తుపానులో నా మేక ఎగిరి పక్క ఊళ్ళో దిగిందని చెప్పిన నాటి నుంచీ నాకు విలువ లేదు."

"దిగలేదు కదా మరి," అన్నాడు పక్క బల్ల నుంచి ఒకతను.

"దిగింది. దిగి పాలు కూడా ఇచ్చింది. పోయి అడుగు." నా వైపు వంగాడు. "వాడు బతికే ఉన్నాడు, తెలుసా?"

"ఎవరు?"

"ఎవరట. దక్షిణాన, ఒడ్డు మీది అర్రోయోలో ఉన్నాడు. నా మనవరాలు అక్కడే నర్సు, రోజూ కనబడతాడట. ఒరే యాయో, యాభై రెండేళ్ళు నోరు మూసుకున్నాను. అది నేను చెప్పాల్సిన మాట కాదు గనక. రేపు నువ్వు పోతే ఎవరు చెబుతార్రా? నేనా? నా మేకా?"

నా దగ్గర జోడు ఆరు ముక్క ఉంది. వెయ్యడం మర్చిపోయాను. ఓడిపోయాను.

ఫిబ్రవరి 20

పురపాలక కార్యాలయానికి వెళ్ళాను. దారి పొడుగునా మాట నోట్లో అనుకుంటూ వెళ్ళాను.

"ఆ బాస్కెట్ నేను వెయ్యలేదమ్మా," అన్నాను మేయరమ్మతో.

ఆమె లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నాకు తెలుసండీ. జట్టంతా కలిసి వేసింది. మీరు ఈ మాటే అంటారని నిన్న మా ఆయనతో కూడా చెప్పాను."

"అది కాదమ్మా. వేసింది యేయో."

"అవును, యాయోనే వేశాడు. తన పేరు తను చెప్పుకోడానికి కూడా ఇంత నలిగిపోతే ఎలాగండీ?" అని నవ్వి, లోపలివాళ్ళను పిలిచింది. "ఇది రాసుకోండి. బొమ్మ కింద వేద్దాం. 'ఆ బాస్కెట్ నేను వెయ్యలేదు, జట్టంతా కలిసి వేశాం.' కింద, యాయో మాతోస్."

అందరూ చప్పట్లు కొట్టారు. థాంక్స్ అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఫిబ్రవరి 21

ఇంకోసారి గట్టిగా చెప్పి ఉండాల్సింది. గొంతు బాగోలేదు.

ఫిబ్రవరి 26

సంతకం ఏమైందని నెరేయిదా అడిగింది. చూపు సరిగ్గా ఆనడం లేదన్నాను. కళ్ళజోడు తెచ్చి చేతిలో పెట్టింది. అర్రోయో తీసుకెళ్తావా అని అడిగాను. ఎందుకని అడగలేదు. నా భార్య ప్రోవి పోయి ఎనిమిదేళ్ళయింది. వాళ్ళమ్మ లాగే ఈ పిల్ల కూడా అడగాల్సింది అడగదు.

మార్చి 2

అర్రోయో వెళ్ళాం. కొండ మలుపులు దిగేసరికి చొక్కా తడిసిపోయింది.

యేయో వసారాలో కూర్చుని పీతల బోను బాగుచేసుకుంటున్నాడు. ఇప్పటికీ పొడుగే. జుట్టు తెల్లబడింది. నన్ను చూసి లేవలేదు.

"ఏంటి, కొండ దిగిందే," అన్నాడు.

"దిగింది."

"మోకాళ్ళు దించాయా, అమ్మాయి దించిందా?" నెరేయిదా నవ్వింది. వాడు ఆమెతో, "నేను యేయోని తల్లీ. మీ నాన్నకీ నాకూ ఒక్క అక్షరమే తేడా. ఎత్తులో మటుకు జానెడు," అన్నాడు.

మా కొండ కాఫీ తీసుకెళ్ళాను. వాసన చూసి పక్కన పెట్టాడు. వద్దన్నా వినకుండా అన్నం పెట్టాడు. పీతల కూర, పచ్చి అరటికాయ చెక్కల వేపుడు. భార్య పోయిందట. వంట తనే చేసుకుంటున్నాడు.

"పేపర్లో చూశాను. నీ పేరు పెడుతున్నారటగా. మంచిదే. ఈసారైనా కప్పు గట్టిగా వేశారా?"

"యేయో, ఆ బాస్కెట్..." అన్నాను.

"దాని సంగతి వదిలెయ్. బంతి లోపల పడింది, నా కళ్ళతో చూశాను. ఎవరి లెక్కలో రాసుకుంటే ఏం." పీత కాలు విరిచి నెరేయిదా పళ్ళెంలో వేశాడు. "ఒక్కటి అడుగుతా, చెప్పు. ఎప్పట్నుంచో అడగాలనుకుంటున్నా. జాబితాలో నా పేరు ఎందుకు తీశావు?"

"నీ మణికట్టు మానలేదు కదా," అన్నాను.

వాడు ఆ చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఒకసారి ఇటు తిప్పాడు, ఒకసారి అటు తిప్పాడు. దాన్ని ఎవరో అమ్మకానికి తెచ్చినట్టు చూశాడు.

"దీంతో ఇరవై ఆరేళ్ళు పంచదార మిల్లులో బస్తాలు మోశాను," అన్నాడు. కోపంగా అనలేదు. "మానలేదేమో మరి. కోచ్‌వి నువ్వు. నీకే తెలియాలి."

తర్వాత నెరేయిదాకు ఇంకొంచెం అన్నం వడ్డించాడు. నాకు వడ్డించబోయి, "తింటావా?" అని అడిగాడు. తిన్నాను.

వచ్చేటప్పుడు సంచీ నిండా బతికున్న పీతలు ఇచ్చాడు. దారంతా వెనక సీట్లో గీకుతూనే ఉన్నాయి. మూడు మలుపులు ఎక్కాక నెరేయిదా, "మణికట్టుకి ఏమైంది నాన్నా?" అంది.

"విరిగింది."

"ఎప్పుడు?"

"పాత సంగతి."

మార్చి 3

మణికట్టు మానలేదు. డాక్టరు కూడా అలాగే అన్నట్టు గుర్తు.

మార్చి 4

డాక్టరు అనలేదు.

మార్చి 6

బూడిద బుధవారం. ఫాదరు నుదుట బూడిద పెట్టాడు. తుడుచుకోకుండా కూర్చుని రాస్తున్నాను.

మణికట్టు మానింది.

1968 జనవరిలో కట్టు విప్పించుకుని ప్రాక్టీసుకు వచ్చాడు. మూడు బస్సులు మారి, తీరం నుంచి రోజూ వచ్చేవాడు. నేను కోచ్‌నయ్యి రెండు వారాలు. ఒక సాయంత్రం అందరూ వెళ్ళిపోతున్నారు, వాడొక్కడే మూల నుంచి బంతులు వేస్తున్నాడు. ఒకటీ తప్పకుండా పదకొండు వేశాడు. పన్నెండోది తప్పింది. దాని వెనక వెళ్ళి, గాల్లోనే తట్టి లోపల వేశాడు. సరిగ్గా ఆ రోజు లాగే. వెళ్ళిపోతున్నవాళ్ళు ఆగి "యేయో" అని కేక పెట్టారు. మెట్ల మీద కూర్చున్న మనిషెవరో, "ఏం పేరన్నారు? యాయోనా?" అని అడిగాడు. జట్టువాళ్ళు నవ్వారు. కొందరు నా వైపు చూశారు.

వీడు ఈ కోర్టులో ఉన్నంతకాలం ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అంటారు. అది నాకు అర్థమైంది.

గదిలోకి వెళ్ళి జాబితా తీశాను. పదమూడు పేర్లలో ఒకటి తీసెయ్యాలి. తీసెయ్యాల్సినవాడు వేరే ఉన్నాడు, లావుగా, సరిగ్గా పరిగెత్తలేనివాడు. యేయో పేరు మీద గీత గీశాను. పక్కన "మణికట్టు" అని రాశాను.

మర్నాడు పొద్దున జాబితా గోడకు అంటించి తలుపు వెనక నిలబడ్డాను. వాడు వచ్చాడు. వేలు పెట్టుకుంటూ పైనుంచి కింది దాకా చదివాడు. తన పేరు తనే చూసుకోలేదేమో అనుకుని మళ్ళీ పైనుంచి చదివాడు. తర్వాత సంచీ భుజాన వేసుకుని బస్సు దిక్కు నడిచాడు. ఇరవై నాలుగేళ్ళవాడు.

ఇదొక్కటే అయితే ఇక్కడితో ఆపేవాణ్ణి. ఆ ఏడు మూడు ఊళ్ళ కోచ్‌లు నాకు ఫోన్ చేశారు. "మీ దగ్గర పొడుగాటి మాతోస్ ఉండేవాడు కదా, తీసుకోవచ్చా?" అని. ముగ్గురికీ అదే చెప్పాను. మణికట్టు అని. మూడోసారి చెప్పేటప్పటికి అది నిజమేననిపించింది.

వాడిని ఇంకెవరూ తీసుకోలేదు.

మార్చి 7

నెరేయిదాకు చెప్పాను. పొయ్యి దగ్గర ఉంది. చెప్పినంతసేపూ గరిటె తిప్పుతూనే ఉంది.

"అమ్మకి తెలుసా?" అంది చివరికి.

"తెలియదు."

"నయం."

కందికాయల అన్నం వడ్డించింది. తన పళ్ళెం పట్టుకుని వసారాలోకి వెళ్ళి కూర్చుంది.

మార్చి 8

నోటితో చెబితే వినయం అంటున్నారు కాబట్టి సంతకం పెట్టాల్సిన కాగితం వెనక అంతా రాశాను. బాస్కెట్ సంగతి, జాబితా సంగతి, మూడు ఫోన్ల సంగతి. తీసుకెళ్ళి కార్యదర్శి మిర్తాకు ఇచ్చాను.

"ఇక్కడ సంతకం పెడితే చాలండీ. ఇంత రాశారేంటి?"

"చదువమ్మా."

గోళ్ళరంగు ఆరనిస్తూ చదవడం మొదలుపెట్టింది. నాలుగో వరుస దగ్గర ఆగింది. "ఇది యాయోనా, యేయోనా? మీ రాత తెలియడం లేదు."

"యే," అన్నాను.

"యా?"

"యే. ఏత్వం. యా కాదు, యే. ఏత్వం పెట్టాను చూడు."

అరిచినట్టున్నాను. కార్యాలయంలో అందరూ తిరిగి చూశారు. నీళ్ళ బిల్లు కట్టడానికి వచ్చినవాళ్ళు కూడా. మిర్తా మళ్ళీ మొదటి నుంచి చదివింది. చదివి లేచి తలుపు వేసింది. "కూర్చోండి," అంది. నా మొహం చూడలేదు.

మార్చి 12

మేయరమ్మ వచ్చింది. కూర్చోలేదు, కాఫీ వద్దంది.

"బొమ్మ సగం పైగా అయింది. ఊళ్ళో ప్రతి ఇంటి వాడూ చందా వేశాడు. ఇప్పుడా చెప్పడం? మీకు ఇన్నేళ్ళూ నోరు లేదా?"

నోట్లో నాలుక లేదని ఆమే అంది ఆ రోజు. గుర్తు చెయ్యలేదు.

"పురపాలక సభలో ఈ కాగితం పెడితే ఏమంటారో తెలుసా? పాపం పెద్దాయనకి మతి తప్పింది అంటారు. అంతకంటే వేరే అనుకోవాలని ఎవరికీ లేదు."

మోంచో అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నేను సాక్ష్యం చెబుతా," అన్నాడు.

"మీరూ మీ మేకా ఊరుకోండి మోంచో గారూ," అంది. నెరేయిదా మొహం తిప్పుకుంది, నవ్వు ఆపుకోడానికో దేనికో. మేయరమ్మ కొంచెం తగ్గి, "ఆయన ఉన్నారన్నారు కదా. ఆ యేయో గారు," అంది. ఈసారి సరిగ్గా పలికింది. "ఏం జరిగిందో ఆయన తన చేత్తో రాసిస్తే ఈ నెల 29న సభలో చదివిస్తాను. రాయకపోతే నా చేతిలో ఏం లేదు. ఏప్రిల్ 28న మీ పేరే ఉంటుంది."

ఆమె వెళ్ళాక యేయోకి ఫోన్ చేశాను. ఎత్తాడు. "ఎవరూ?" అన్నాడు. రెండోసారి కూడా అన్నాడు. పెట్టేశాను.

మార్చి 13

అంగడికి వెళ్ళాను. మాటలు ఆగిపోయాయి. రొట్టె తీసుకుని వచ్చేశాను. నేను కోచ్‌గా ఉన్నప్పటి ఆటగాడొకడు, ఇప్పుడు వాడికే మనవలున్నారు, వెనక నుంచి వచ్చి, "గురువుగారూ, వేసి నిలబడ్డానని నన్ను ఒక పూటంతా పరిగెత్తించారు, గుర్తుందా? వాంతి చేసుకున్నాను," అన్నాడు. గుర్తుందన్నాను. ఇంకా ఏమన్నా అంటాడేమోనని నిలబడ్డాను. వాడు తిరిగి అంగడికి వెళ్ళిపోయాడు.

కోర్టు దగ్గర సులేయ్‌కా రంగుల డబ్బాలు మూసేసి కూర్చుని ఉంది. ఎవరి చెయ్యో తేలేదాకా గీయనందట.

మార్చి 14

యేయోకు ఉత్తరం. ఒక నకలు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, రేపు నేను ఇలా రాయలేదని నాకు నేనే చెప్పుకోకుండా.

యేయో,

మొన్న ఫోన్ చేసి మాట్లాడనిది నేనే.

నీ మణికట్టు మానింది. నాకు తెలుసు. నువ్వు మూల నుంచి పదకొండు వేసి, పన్నెండోదాని వెనక వెళ్ళిన సాయంత్రం నేను చూశాను. చూశాను గనకే నీ పేరు కొట్టేశాను. నువ్వు ఉంటే ఎప్పుడో ఒకనాడు నిజం బయటపడుతుందని. వేరే కారణం లేదు. నీ ఆటలో లోపం లేదు.

ఇంకొకటి నీకు తెలియదు. తర్వాత మూడు ఊళ్ళవాళ్ళు నీ కోసం అడిగారు. మణికట్టు పనికిరాదని ముగ్గురికీ నేనే చెప్పాను. నిన్ను ఎవరూ ఎందుకు పిలవలేదో అని నువ్వు అనుకుని ఉంటావు. అందుకు. మొన్న నీ ఇంట్లో నీ అన్నం తింటుంటే అడిగావు, మళ్ళీ అదే అబద్ధం చెప్పాను. నా కూతురు ముందు కూడా చెప్పాను. ఇప్పుడు ఆమెకు నిజం తెలుసు.

బాస్కెట్ ఎవరి లెక్కలో రాసుకుంటే ఏం అని నువ్వన్నావు. నీకు పట్టింపు లేకపోవచ్చు. ఇక్కడ వాళ్ళు దాన్ని గోడ మీద రాస్తున్నారు. నేను చెబితే మతి తప్పిందంటున్నారు, మోంచో చెబితే నవ్వుతున్నారు. నీ మాట ఒక్కటే మిగిలింది. ఈ నెల 29న సభ ఉంది. ఆ రోజు ఏం జరిగిందో, తర్వాత నేను ఏం చేశానో, నీకు ఎలా తోస్తే అలా రాయి. గోడ మీద నీ పేరు వద్దనుకుంటే వద్దనే రాయి, అది నీ ఇష్టం. నన్ను తిట్టాలంటే తిట్టి రాయి, మెత్తగా రాయాల్సిన పని లేదు. నువ్వు రాసింది అందరి ముందూ పైకి చదువుతారు. నేను ముందు వరుసలో కూర్చుని వింటాను. మధ్యలో లేచి వెళ్ళను.

తొందరగా జవాబు రాయి.

ఎలాదియో మాతోస్